దూరయాత్రకు సైకిలు, వెనుకబండి



నేటి ప్రసంగవిషయము సైకిలు. ప్రతి యింటి గోడకును ఒకటి చేరగిలబడియే యున్నది, దీనిని గూర్చి క్రొత్తగా చెప్పుట కేమున్నదని మీకు తోచవచ్చును. నేను చెప్పబోవునది పొలమునకును, సంతకును పోయివచ్చు సైకిలు మాట కాదు. ఒక మనుష్యుడు తన బట్టలు, పక్క, గుడారము, వంటపాత్రలు, పనిముట్లు వెంటబెట్టుకొని, వారములును నెలలును దేశాటనము చేయుటకై తన యొడలి కొలతకు ప్రత్యేకముగా కట్టించుకొను సైకిలునుగూర్చియు, దాని వెనుక తగిలించుకొను చిన్నబండిని గూర్చియు కొన్ని మాటలు చెప్పదలచితిని. ఆ చిన్నబండిని ట్రైలరందురు. మనము దానిని వెనుకబండి యందము.

ఈ సంగతి పెద్దల కేల యనగా, కారణము కలదు. ఇంటి కుఱ్ఱవా డొకనాడు వచ్చి, "తాతయ్యా, నేను సైకిలుమీద కాశికి పోయివత్తును" అనినచో, పొమ్మనుటయు వలదనుటయు మీ నోటిమాటపై నుండును. కృష్ణాతీరమునుండి కాశికి వేయి కిలోమీటరులకు పైమాట. దినమునకు 60 కిలోమీటరుల చొప్పున పోయినను పదునెనిమిది, ఇరువది దినములు పట్టును. వలదన్నచో వాని యుత్సాహము మొదలంట నశించును. బండిని చూడకయే పొమ్మన్నచో, ఘాటు దిగునప్పుడు బ్రేకు పట్టు తప్పినను, లారీల నడుమ వెనుకబండి లంకె యూడినను వాని ప్రాణమునకే ముప్పు. కావున బండిని పరీక్షించి, తగినదైనప్పుడు పొమ్మనుటయే పెద్దఱికము. ఎద్దుబండి మర్మములెఱిగిన మీకు ఈ పరీక్ష కష్టమైనది కాదు.

ఈ నిర్మాణమునకంతకును మూలమైన సూత్ర మొకటి కలదు. ఎన్నటికిని విఱుగని బండి లోకములో లేదు. విఱుగుటకు ముందు సూచన చూపునదియు, విఱిగిన చోట దొరకిన పనివానిచేత, దొరకిన సామానుతో బాగుపడునదియు నగు బండియే దూరయాత్రకు మేలైనది. ఇక చెప్పబోవున దంతయు ఈ సూత్రమునకు వ్యాఖ్యానమే.

మొదట పూర్వులు చేసిన యాత్రలనుండి నేర్చుకొనదగినది చూతము. సైకిలుమీద భూప్రదక్షిణము చేసిన మొదటివాడు థామస్ స్టీవెన్సు. ఈతడు 1884వ సంవత్సరము ఏప్రిలు నెలలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బయలుదేఱి, 1886 డిసెంబరులో జపానులోని యొకొహామా రేవు చేరెను. నడుమ లాహోరునుండి కలకత్తావఱకు మన దేశపు గ్రాండు ట్రంకు రోడ్డుమీదను త్రొక్కెను. ఆతని బండి నేటి బండివంటిది కాదు. ముందు చక్రము 50 అంగుళములు, వెనుకది మిక్కిలి చిన్నది. చక్రములకు గాలి లేదు, గట్టి రబ్బరు పట్టీయే. అట్టి బండికి తగినట్లే ఆతని సామానును స్వల్పము. మేజోళ్లు, మాఱు చొక్కా యొకటి, గుడారముగా గూడ పనికివచ్చు వానకోటు, ఒక రివాల్వరు మాత్రమే.

రెండు చక్రములును ఇంచుమించు సమానముగానుండి, గొలుసుచే వెనుకచక్రము తిరుగు సైకిలు 1885లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ కట్టిన రోవరుతో వ్యాప్తిలోనికి వచ్చెను. 1888లో డన్లపు గాలిటైరును చేసెను. అప్పటినుండి దూరయాత్రలు సామాన్యులకును సాధ్యమయ్యెను. మన దేశమునుండియే 1923 అక్టోబరు 15వ తేదీన బొంబాయినుండి ఆఱుగురు పారసీ యువకులు భూప్రదక్షిణమునకు బయలుదేఱిరి. వారిలో ఆది హకీము, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా యను మువ్వురు దాదాపు 71,000 కిలోమీటరులు త్రొక్కి 1928 మార్చి 18వ తేదీన తిరిగి బొంబాయి చేరిరి. ఎడారులును, పర్వతములును దాటిన యీ మువ్వురి చరిత్రము మన పిల్లలకు చెప్పదగినది.

దీనికి మఱియొక కొసగా ఇంకొక యుదాహరణము చెప్పెదను. స్టీవెన్ రాబర్ట్సు అను అమెరికా దేశస్థుడు 1983లో ఓహాయో రాష్ట్రములోని కొలంబసు నగరమునుండి, వీపు ఆనించి కూర్చుండి త్రొక్కు సైకిలుమీద బయలుదేఱెను. వెంట చిన్న కంప్యూటరు నుంచుకొని, దారిలోనే వ్యాసములు వ్రాసి పంపుచు జీవనము గడపెను. క్రమముగా బండికి సూర్యరశ్మివలన విద్యుత్తు పుట్టించు పలకలు, రేడియో యంత్రములు, మఱికొన్ని కంప్యూటరులు చేర్చుచు పోయెను. 1991 నాటి మూడవ రూపమునకు వెనుకబండితో కూడ 580 పౌనుల బరువయ్యెను. అనగా 263 కిలోలు. దానికి 105 గేర్లు. ఆయన దానికి బెహెమోత్ అను మహామృగము పేరు పెట్టెను. ఆ పేరులోని యక్షరములను విడదీసి చదివినచో కడపటి మాట "మితిమీఱిన బరువు" అనియే! మూడు రూపములమీదను కలిపి ఆయన తిరిగినది 17,000 మైళ్లు. ఆ బండి పిమ్మట కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలకు చేరెను. అందలి యంత్రకౌశలము శ్లాఘనీయమే. ఐనను మనవాడు కాశికి పోవుటకు అది మార్గము కాదు. స్టీవెన్సు మూటకును, రాబర్ట్సు మహామృగమునకును నడుమ మన కొలత మనము తెలిసికొనవలెను.

బరువు లెక్క యెట్లు కట్టవలెనో చెప్పెదను. త్రొక్కువాడు 65 కిలోలు, సైకిలు 18, వెనుకబండి 8, సామాను 32, నీరును తిండియు 7, వెరసి 130 కిలోలు. చదునైన నేలపై ఈ బరువు పెద్ద బాధ పెట్టదు. ఒకసారి కదలిన పిమ్మట చక్రములే దానిని మోయును. ఎక్కుడు వచ్చినపుడే దాని నిజము బయటపడును. ఇరువది యడుగుల దూరమునకు ఒక యడుగు లేచు వాలు నూహింపుడు. అచ్చట 130 కిలోలలో ఇరువదవ వంతు, అనగా ఆఱున్నర కిలోల బరువు ఎల్లప్పుడును వెనుకకు లాగుచునే యుండును. త్రొక్కువాడు ఆ బరువును కొండకొమ్మువఱకు ఈడ్చుకొని పోవలెను. సామానులో 20 కిలోలు తగ్గించినచో లాగుడులో ఒక కిలో తగ్గును. ఒక్క కిలో యేగదా యని తలపరాదు. పెడలు దినమునకు వేలమార్లు తిరుగును. ప్రతి మాఱును ఆ కిలో మోకాలిమీదనే పడును. కావున సామాను మూట మొదట కట్టి, తూచి, పిమ్మట బండి కట్టించుట క్రమము. బండి కట్టించి, అందులో ఖాళీ యున్నది గదా యని నింపుట అక్రమము.

ఇక బండి యంగములను చూతము. మొదటిది చట్రము, దీనినే ఫ్రేమందురు. దుకాణములో దొరకు చట్రము నలుగురికిని సరిపోవు కొలతతో చేయబడినది. ఒక గంట ప్రయాణమునకు అంగుళపు తేడా తెలియదు, ఇరువది దినముల ప్రయాణములో ఆ యంగుళమే మోకాలి నొప్పిగా, నడుము నొప్పిగా పరిణమించును. అందుచే చట్రమును మనిషి కొలతనుబట్టి కట్టించుట. కొలుచు విధము తేలికయైనది. చెప్పులు లేకుండ గోడకానుకొని నిలువబడి, తొడల నడుమ ఒక పుస్తకమును పైకి ఒత్తిపెట్టి, నేలనుండి పుస్తకపు పై యంచువఱకు కొలువవలెను. ఆ కొలతలో నూటికి 88 పాళ్లు తీసికొన్నచో, పెడళ్ల యిరుసు నడిమినుండి సీటు పైభాగమువఱకు ఉండవలసిన యెత్తు వచ్చును. కాలు 80 సెంటీమీటరులైనచో సీటు ఎత్తు 70 సెంటీమీటరుల పైచిల్లర. సీటు తగ్గినచో మోకాలు నొచ్చును. మిక్కిలి లేచినచో తుంటి అటునిటు జరుగుచు ఒఱసికొనును. హ్యాండిలు పట్టినపుడు మోచేయి కొంచెము వంగియుండవలెను. మేను బరువంతయు అఱచేతులపై పడరాదు. అట్లు పడినచో కొలదిదినములలో వ్రేళ్లు తిమ్మిరెక్కును.

చట్రమునకు లోహ మేది? తేలికయని అల్యూమినియమును, అంతకంటె తేలికయని బొగ్గునార చట్రములను అమ్ముచున్నారు. పందెములకు అవి మంచివే. దూరయాత్రకు ఉక్కుగొట్టములే శ్రేష్ఠము. ఉక్కు విఱుగుటకు ముందు సాధారణముగా వంగి, లేదా అతుకుకడ సన్నని బీట వాఱి మనకు ముందుగా చెప్పును. బాగుచేయువాడును ఎల్లయెడల దొరకును. గొట్టపు కొనలను ఉక్కు తొడుగులలో దూర్చి, ఇత్తడి కరగించి అతుకుట పాత పద్ధతి. ఉక్కు కరగుటకు దాదాపు 1,500 డిగ్రీల వేడిమి కావలెను, ఇత్తడి 900 ప్రాంతముననే కరగును. కావున గొట్టము కరగకుండనే అతుకు పట్టును. అల్యూమినియము అతుకు పెట్టిన పిమ్మట దాని బలము తిరిగి వచ్చుటకు కొలతప్రకారము కాచి చల్లార్పవలెను. ఆ పని దారిప్రక్క వెల్డింగు దుకాణములో జరుగునది కాదు. 1935లో ఇంగ్లండులో రేనాల్డ్సు వారు మాంగనీసు, మాలిబ్డినము కలిపిన ఉక్కు గొట్టములు తెచ్చిన నాటినుండి, ఉక్కు చట్రము బరువుగానే యుండవలెనను నియమము గూడ పోయినది.

చట్రములో వేఱొక విశేషము పొడవు. పందెపు సైకిలులో పెడళ్ల యిరుసునుండి వెనుక యిరుసువఱకు 41 సెంటీమీటరులుండును. యాత్రా సైకిలునకు 45 అయినను ఉండవలెను. పొడవైనచో వెనుక సంచులు మడమకు తగులవు, బరువు వెనుక యిరుసునకు ముందుగా పడును, నడక నిలకడగా నుండును. కేరియరు, నీటి సీసాలు బిగించుటకు మరచుట్ల రంధ్రములను ముందే యతికించి యుంచవలెను. పిమ్మట పలుచని గొట్టమునకు తొలి పెట్టుట దానిని చంపుటయే.

రెండవ యంగము చక్రము. మీరు చక్రమునకు నాభి, ఆకులు, పూటీలు అని మూడు భాగములు చెప్పుదురు. సైకిలు చక్రమునకును నాభి, స్పోకులు, రిమ్ము అనునవి అవే. కాని బరువు మోయు తీరు వేఱు. ఎద్దుబండి చక్రములో బరువు నాభినుండి క్రింది యాకుమీద నిలుచును. ఆ యాకు స్తంభమువలె మోయును. సైకిలు స్పోకు రెండు మిల్లీమీటరుల తీగ. అది స్తంభము కాజాలదు, నిలువుగా నొక్కినచో వంగిపోవును. కావున తీగల నన్నిటిని అన్నివైపులనుండియు గట్టిగా లాగి బిగింతురు. ఆ బిగువే చక్రమును నిలుపుచున్నది. బరువు పడినపుడు నేలవైపు నున్న తీగల బిగువు కొంచెము సడలును, చక్రము తిరిగినపుడు మఱల బిగియును. 60 కిలోమీటరులలో ఈ సడలుట, బిగియుట ఒక్కొక్క తీగకు దాదాపు 26,000 మార్లు జరుగును. చేతితో తీగను అటునిటు వంచుచుండినచో పుటుక్కున తెగును గదా. స్పోకు తెగుటయు అట్టిదే. బిగువు చాలని స్పోకులే ముందు తెగును, ఒకటి తెగినచో ప్రక్కవానిపై భారము హెచ్చును.

దీనికి పరీక్ష చెవితో చేయవలెను. చక్రమును మెల్లగా త్రిప్పుచు స్పోకులను వీణతంతులవలె మీటుడు. ఒకవైపు వానియన్నిటికిని ఇంచుమించు ఒకే శ్రుతి పలుకవలెను. బొంగురుగా పలికినది వదులుగా నున్నది. వెనుక చక్రములో కుడివైపు గేర్ల గుత్తి యున్నయెడల, ఆవైపు శ్రుతి ఎడమవైపుకంటె హెచ్చుగా నుండును. అది దోషము కాదు. మన పాత సైకిళ్లకు ముందు 32, వెనుక 40 స్పోకులుండెడివి. వెనుక బరువెక్కువ యని యెఱిగినవారు చేసిన యేర్పాటది. యాత్రా సైకిలునకు ముందు 36, వెనుక 36 గాని 40 గాని యుండుట మేలు. తెగినప్పుడు వేయుటకు ప్రతి కొలతకును నాలుగైదు స్పోకులు చట్రపు గొట్టమునకు కట్టియుంచవలెను.

టైరు కొలత యేది మంచిది? పోవు దారిలోని దుకాణముల ముందు ఏ టైరులు వ్రేలాడుచుండునో అదియే మంచి కొలత. విదేశపు చక్కని చక్రము కొని, దాని టైరు చినిగినచో పట్టణమునుండి పార్సెలుకై వారము దినములు కాచుకొనుటకంటె, పల్లెలో దొరకు 28 అంగుళముల చక్రమో, 26 అంగుళముల చక్రమో మేలు. వెడల్పు మాత్రము నాలుగు సెంటీమీటరులకు తగ్గరాదు.

మూడవది గేర్లు. మన మామూలు సైకిలునకు పెడళ్లకడ 44 పండ్ల చక్రము, వెనుక 18 పండ్ల చక్రము ఉన్నదనుకొందము. పెడలు ఒక చుట్టు తిరిగినచో బండి దాదాపు అయిదున్నర మీటరులు సాగును. చదునునేలకు ఇది చక్కనిది. బరువుతో ఘాటు ఎక్కుటకు పనికిరాదు. లోతైన బావినుండి పెద్ద బానను ఒక్క గుంజులో లాగుటవంటిది. ముందు 22 పండ్లు, వెనుక 34 పండ్లు గల చక్రములను వాడినచో అదే చుట్టునకు బండి ఒకటిన్నర మీటరుకంటె తక్కువ సాగును. అడుగు చిన్నదైనను అలుపు తక్కువ. నడుమ నాలుగైదు మెట్లున్న చాలును. మెట్లు పెరిగినకొలది తీగలును, స్ప్రింగులును పెరుగును, వానితో పాటు విఱుగు తావులును పెరుగును.

నాల్గవది బ్రేకు. వేగము రెట్టింపైనచో ఆగుటకు కావలసిన దూరము నాలుగింతలగును. బరువు హెచ్చినచో బ్రేకునందు పుట్టు వేడియు హెచ్చును. దీర్ఘమైన దిగుడులో బ్రేకు రబ్బరులు రిమ్మును ఒఱసి ఒఱసి, రిమ్ము చేయి పెట్టలేనంత కాలును. లోపలి ట్యూబు పగులుటయు కలదు. కావున రెండు చక్రములకును వేర్వేఱు బ్రేకులుండవలెను. ఒకటి తెగినను రెండవది నిలుపవలెను. ఎడతెగకుండ నొక్కుటకంటె, గట్టిగా నొక్కి వేగము తగ్గించి, వదలి చల్లారనిచ్చుచు దిగుట మంచిది. నడుమ నడుమ నిలిచి రిమ్ము తాకి చూచుట పిఱికితనము కాదు.

ఇప్పుడు వెనుకబండి సంగతి. ముందుగా ఒక మాట. సామాను 20 కిలోలకు లోపలనే యున్నచో వెనుకబండి యక్కఱలేదు. చక్రములకు రెండువైపుల సంచులు కట్టుకొనుటయే చాలును. అంతకు మించినపుడు, నీరు దొరకని దారులలో నీరు మోయవలసినపుడు, పనిముట్లతో పోవలసినపుడు వెనుకబండి మేలు. అది సైకిలు వెనుకచక్రముపై భారము తగ్గించును. ఊరు చేరిన పిమ్మట దానిని ఊడదీసి బసలో నుంచి, సైకిలుమీద తేలికగా తిరుగవచ్చును.

వెనుకబండ్లు రెండు జాతులు. ఒంటి చక్రముది సైకిలు జాడలోనే నడచును, సైకిలు ఒరిగినపుడు తానును ఒరుగును, ఇఱుకు దారిలోను పట్టును. కాని సగము బరువు సైకిలుపైననే వేయును. 30 కిలోలకు మించి మోయుట క్షేమము కాదు. రెండు చక్రములది తన బరువును తానే మోయును, హెచ్చు సామాను పట్టును, ఊడదీసినను నిలుచును. కాని జాడలు మూడగును. సైకిలు గుంటను తప్పించుకొన్నను వెనుకబండి చక్రమొకటి యందు పడును. మలుపులో ఒక చక్రము రాతిపై కెక్కినచో బోర్లపడును. కావున దాని నేలమట్టము తగ్గించి, సామానును ఎత్తుగా పేర్చక, వెడల్పు సైకిలు హ్యాండిలు వెడల్పును మించకుండ కట్టించుట మంచిది.

బరువు సర్దుట యందు ఎద్దుబండి నేర్పిన పాఠమే పాఠము. ముందు బరువైనచో కాడి ఎద్దుల మెడలపై పడును. వెనుక బరువైనచో కాడి పైకి లేచి మెడతాళ్లు గొంతు నొక్కును. ఇచ్చటను అట్లే. రెండు చక్రముల వెనుకబండిలో మొత్తము బరువున పదియవ వంతు నొగ కొనమీద పడవలెను. 40 కిలోల బండికి నొగ కొనను తూకపు కాటాకు తగిలించినచో 4 కిలోలు చూపవలెను. వెనుక మొగ్గినచో నొగ సైకిలు వెనుకచక్రమును పైకెత్తును. దిగుడులో బండి పామువలె మెలికలు తిరుగును. నీరును, పనిముట్లును ఇరుసునకు కొంచెము ముందుగా, అడుగున నుండవలెను. పక్కబట్టలు పైన నుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది లంకె. సైకిలును, వెనుకబండిని కలుపు కీలది. రెండు చక్రముల బండికి లంకె మూడు విధముల కదలవలెను. మలుపు తిరుగుటకు ప్రక్కలకును, ఎత్తుపల్లములకు క్రిందుమీదకును, సైకిలు ఒరిగినపుడు బండి ఒరుగకుండుటకై మెలిపడునట్లును. ఒంటి చక్రపు బండికి మొదటి రెండు కదలికలే యుండవలెను, మూడవది యుండరాదు. ఉన్నచో ఒంటి చక్రము నిలువలేక ప్రక్కకు పడిపోవును. ఈ భేదము తెలియని పనివాడు ఒకదాని లంకెను వేఱొకదానికి వేయును. లంకె సీటు గొట్టమున ఎత్తుగా నుండుటకంటె వెనుక యిరుసుకడ, గొలుసు లేని ఎడమవైపున, తగ్గుగా నుండుట మేలు. ఎత్తుననున్నచో బ్రేకు వేసినపుడు వెనుకబండి సైకిలును ప్రక్కకు త్రోయును. తగ్గుననున్నను మలుపులో బ్రేకు వేయరాదు. మలుపునకు ముందే, తిన్నని దారిలోనే వేగము తగ్గించుకొనవలెను.

దశరథుని రథపు ఇరుసుచీల యూడినపుడు కైక తన వ్రేలినే చీలగా నుంచి రథమును నిలిపెనని కథ విన్నారు గదా. రహదారిలో మనవాని వెనుక కైక యుండదు. కావున లంకె చీలకు అడ్డుచీల యొకటి వేసి, దానికితోడు గట్టి తోలుపట్టీయో, నైలాను పట్టీయో చట్రమునకు చుట్టి కట్టవలెను. చీల యూడినను పట్టీ బండిని పట్టియుంచును. ఈ పట్టీ ఖరీదు స్వల్పము. ఊడిపోయిన బండి వెనుకవచ్చువాని చక్రముల క్రిందికి పోయినచో కలుగు నష్టము స్వల్పము కాదు.

వెనుకబండి చక్రములు సాధ్యమైనంతవఱకు సైకిలు చక్రముల కొలతయే కావలెను. అప్పుడు ఒకే ట్యూబు, ఒకే టైరు, ఒకే స్పోకు అన్నిటికిని పనికివచ్చును. పట్టణములలో రిక్షాలు కట్టు పనివారు ఇట్టి పని చక్కగా ఎఱుగుదురు. వారి సలహా కోరుట మంచిది. సైకిలు వెనుకదీపమును సామాను మూట కప్పివేయును. కావున ఎఱ్ఱదీపమును, వెలుతురు తిరిగి కొట్టు బిళ్లలును వెనుకబండికే వేయవలెను. పొడవైన వెదురు కొనకు రంగుగుడ్డ కట్టినచో లారీ నడుపువానికి దూరమునుండియే కనబడును. ముందు చక్రపు నాభిలో నిమిడిన డైనమో 6 వోల్టులు, 3 వాట్లు ఇచ్చును. దీపములకు అది చాలును. ఐనను చీకటిపడిన పిమ్మట ప్రయాణము చేయకుండుటయే యుత్తమము.

బండి కట్టుట ముగిసినంతనే యాత్రకు బయలుదేఱరాదు. క్రొత్త స్పోకులును, క్రొత్త మరలును మొదటి నూఱు కిలోమీటరులలో సర్దుకొని సడలును. పూర్తి సామానుతో, ఎక్కుడు దిగుడులు గల దారిలో రెండుదినములు పోయివచ్చి, అన్నియు మఱల బిగింపవలెను. ఎచ్చట ఒఱయుచున్నది, ఏది కిఱ్ఱుమనుచున్నది, ఏ సామాను ఒక్కసారియు విప్పలేదు, ఇవన్నియు ఆ రెండుదినములలో తెలియును. విప్పని సామానును ఇంటనే దింపవలెను.

పెద్దలు చేయదగిన పరీక్ష లైదు చెప్పి ముగించెదను. మొదటిది, స్పోకులు మీటి శ్రుతి వినుడు. రెండవది, నొగ కొనను తూచుడు. మూడవది, లంకె చీల నూడదీసి బండిని ముందుకు లాగి, పట్టీ నిలుపునో లేదో చూడుడు. నాల్గవది, సామానుతో కూడ వాలుదారిలో దిగి, ఒక్కొక్క బ్రేకుతో విడివిడిగా ఆపి చూపుమనుడు. అయిదవది, మీ యెదుటనే వెనుకచక్ర మూడదీసి, పంక్చరు వేసి, ఒక స్పోకు మార్చి, మఱల బిగించి చూపుమనుడు. బండి యెంత మంచిదైనను, దానిని విప్పి కట్టుట చేతకానివాడు దారిలో పరాధీనుడు.

ఈ అయిదింటను నెగ్గిన పిల్లవానిని ఆపవలసిన పనిలేదు. ప్రతిదినము సాయంకాలము క్షేమము తెలుపుమని చెప్పి, మంచిదినము చూచి, దీవించి పంపుడు.